వంక నుంచి పెన్న దాకా, బోరు నుంచి డ్రిప్పర్ దాకా: సోపానక్రమాలు ఎలా పుడతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో డ్రిప్ వేయించుకునే రైతులూ, చెరువుల బాగోగులు చూసేవాళ్లూ, ఇంజనీరింగ్, భూగోళం చదివే పిల్లలూ అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. లోపల ఉన్న సందేహం మాత్రం ఒకటే: ఇన్ని మెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎందుకు ఉన్నాయి? మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నల్ని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకాజవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

సోపానక్రమం, అంటే మెట్లుమెట్లుగా ఉండే అమరిక, ఒకరు పైన కూర్చుని ఆజ్ఞలివ్వడమేనా?

అది ఒక రకం మాత్రమే. మొత్తం మూడు రకాలున్నాయి, వాటిని కలిపేయడం వల్లనే సగం గందరగోళం. మొదటిది ప్రవాహ క్రమం: చిన్న వంకలు పెద్ద వంకలోకి, అవి ఏట్లోకి చేరతాయి, ఎవరూ ఎవరికీ చెప్పే పని లేదు. రెండోది ఒకదానిలో ఒకటి ఇమిడే క్రమం: కణాలు కణజాలంలో, కణజాలాలు అవయవంలో. మూడోది అదుపు క్రమం: కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు, వీఆర్వో. ఒకే వ్యవస్థలో మూడూ ఉండొచ్చు. కర్నూలు-కడప కాలువనే చూడండి. నీళ్లు ప్రవాహ క్రమంలో నడుస్తాయి. ఆయకట్టు బ్లాకుల్లో బ్లాకులుగా ఇమిడి ఉంటుంది. గేటు ఎంత ఎత్తాలన్న మాట పై ఇంజనీరు నుంచి లస్కర్ (కాలువ గేట్లు చూసే మనిషి) దాకా దిగుతుంది. మీ ప్రశ్న ఏ రకం గురించో ముందు తేల్చుకుంటే జవాబు సులువవుతుంది.

ఎవరూ ప్లాన్ వేయకపోయినా అన్నిచోట్లా ఇదే అమరిక ఎందుకొస్తుంది?

మూడు కారణాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, కలపడానికి ఖర్చుంటుంది: తీగ, పైపు, నరం, రోడ్డు ఏదైనా పొడవు పెరిగే కొద్దీ భారమే. రెండు, మధ్యలో అంతరాయాలొస్తాయి, కాబట్టి చిన్న ముక్కగా పూర్తయి నిలబడేదే మిగులుతుంది. మూడు, కాస్త ముందున్నది మరింత ముందుకు పోతుంది: లోతైన గాడిలోకి ఎక్కువ నీళ్లు చేరి అది ఇంకా లోతవుతుంది.

మొదటి కారణానికి గట్టి ఆధారం 2016లో వచ్చింది. మెంగిస్టు, హౌజింగా, మూరే, క్లూన్ అనే పరిశోధకులు కంప్యూటర్‌లో కృత్రిమ నాడీ వలయాల్ని తరతరాలుగా పరిణామం చెందనిచ్చారు. పని బాగా చేస్తే చాలన్న షరతు మాత్రమే పెట్టినప్పుడు మెట్ల అమరిక రాలేదు. ప్రతి కలయికకూ ఖర్చు కట్టినప్పుడు వచ్చింది. అలా మెట్లు వచ్చిన వలయాలు కొత్త పరిస్థితులకు తొందరగా అలవాటు పడ్డాయి కూడా. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉన్నవాళ్లు ఇదే గుర్తుంచుకోవాలని మా కోరిక: మెట్లు కనిపించినచోట ముందు వెతకవలసింది యజమానిని కాదు, ఖర్చుని.

వంద ఇళ్లను నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పోలేదా?

లెక్క వేయండి. ప్రతి ఇంటినీ ప్రతి ఇంటితో కలిపితే 100 × 99 ÷ 2, అంటే 4,950 తీగలు. అన్నిటినీ ఒకే కేంద్రానికి కలిపితే 100 తీగలు చాలు, కానీ దూరపు ఇళ్లవన్నీ పొడవాటి తీగలే. పదేసి ఇళ్లకో స్తంభం పెట్టి, పది స్తంభాల్నీ కేంద్రానికి కలిపితే 110 తీగలు. సంఖ్య పది పెరిగినా ఇళ్ల తీగలన్నీ పొట్టివైపోతాయి కాబట్టి మొత్తం పొడవు బాగా తగ్గుతుంది. ఇళ్లు ఎంత చెదురుమదురుగా ఉంటే మధ్య మెట్టు అంత లాభం. అన్నీ ఒకే వీధిలో ఉంటే మధ్య మెట్టు అవసరం లేకపోవచ్చు.

చిన్న ముక్కలుగా కట్టుకుంటూ పోతే ఏం కలిసొస్తుంది?

వెయ్యి నోట్లు లెక్కపెట్టాలనుకోండి. ఒక్కో నోటు దగ్గర ఎవరో పిలిచి లెక్క తప్పించే అవకాశం నూటికి ఒకటి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఏకబిగిన వెయ్యీ పూర్తయ్యే అవకాశం 23 వేల ప్రయత్నాల్లో ఒక్కటి, పూర్తయ్యేసరికి సగటున 23 లక్షల నోట్లు చేతులు మారతాయి. అదే పదేసి నోట్లకు ఒక రబ్బరు బ్యాండు, పది కట్టలకు ఒక పెద్ద కట్ట, పది పెద్ద కట్టలకు ఒక సంచి అని పెట్టుకుంటే పిలుపు వచ్చినా పోయేది చేతిలో ఉన్న పది లోపే. మొత్తం శ్రమ సుమారు 1,170 లెక్కింపులతో తీరిపోతుంది.

హెర్బర్ట్ సైమన్ 1962లో చేసిన వాదన సారం ఇదే. ముందుగా నిలకడైన చిన్న ముక్కలు ఏర్పడే వీలున్నచోట సంక్లిష్టమైనవి త్వరగా పుడతాయి. అందుకే బతికి బట్టకట్టిన వ్యవస్థల్లో ఎక్కువ శాతం మెట్లున్నవే కనిపిస్తాయి.

## ప్రకృతిలో

పెన్నలో కలిసే ఇన్ని వంకలకు దారి ఎవరు గీశారు?

నీళ్లే. ఏటవాలు నేల మీద వాన పడితే మొదట పల్చటి పొరలా పారుతుంది. ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి పల్లం ఉంటుంది. అక్కడ నీళ్లు కాస్త ఎక్కువ చేరతాయి, వేగం పెరుగుతుంది, మన్ను కోసుకుపోతుంది, పల్లం పెరుగుతుంది. ఇప్పుడు పక్కనున్న నీళ్లు కూడా ఇటే వాలుతాయి. పక్క గాడి నెమ్మదిగా దీనిలో కలిసిపోతుంది, లేదా ఎండిపోతుంది. ఇది వేల ఏళ్లు సాగితే లెక్కలేనన్ని చిన్న వంకలు, కొన్ని ఏర్లు, ఒక నది మిగులుతాయి.

పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఎడమ నుంచి జయమంగళి, కుందూ, సగిలేరు, కుడి నుంచి చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు దానిలో చేరతాయి. చెయ్యేరుకు మళ్లీ బాహుదా, పింఛా ఉన్నాయి. వాటికి పేర్లు లేని వందల వంకలున్నాయి. ఎక్కడ గట్టి రాయి అడ్డొచ్చిందో, ఎక్కడ పగులు దారిచ్చిందో దాన్నిబట్టి వంపులు మారతాయి. గండికోట దగ్గర నది కొండను నిలువునా కోసుకుని పోవడం అలాంటిదే. కొమ్మలు కొమ్మలుగా ఉండే అమరిక మాత్రం మారదు.

వాగు "మూడో శ్రేణి", "నాలుగో శ్రేణి" అని ఎలా తేలుస్తారు?

స్ట్రాలర్ పద్ధతిలో. ఏ ఉపవాగూ లేని కొస వంక మొదటి శ్రేణి. రెండు మొదటి శ్రేణివి కలిస్తే రెండోది. రెండు రెండో శ్రేణివి కలిస్తే మూడోది. పెద్ద శ్రేణి వాగులో చిన్న శ్రేణిది వచ్చి కలిస్తే శ్రేణి మారదు, పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే. ఒక శ్రేణి వాగుల సంఖ్యను పై శ్రేణి సంఖ్యతో భాగిస్తే వచ్చేది శాఖా నిష్పత్తి, రాతి నిర్మాణం మరీ అడ్డుపడని చోట్ల ఇది సాధారణంగా 3కు 5కు మధ్య ఉంటుంది. ఇలాంటి క్రమబద్ధతను హోర్టన్ 1945లోనే చూపించారు.

ఒక జాగ్రత్త. శ్రేణి మ్యాపు స్కేలు మీద ఆధారపడుతుంది. 1:50,000 టోపోషీటులో మొదటి శ్రేణిగా కనిపించేది నేల మీదికి వెళ్లి చూస్తే రెండోదో మూడోదో అవుతుంది. స్కేలు రాయకుండా శ్రేణి చెప్పడం అర్థం లేని పని.

నది చెట్టు కొమ్మల్లా ఉంటే, రావి ఆకు ఈనెలు వలలా ఎందుకున్నాయి?

రెండిట్లోనూ లావు నుంచి సన్నం దాకా మెట్లున్నాయి. తేడా వలయాల్లో ఉంది. కొమ్మల అమరిక చవకైనది, కానీ ఒక కొమ్మ తెగితే దాని కిందిదంతా ఎండుతుంది. ఆకును పురుగు కొరుకుతుంది, ఎండ ఒక పక్కే పడుతుంది. దెబ్బ తగిలే ప్రమాదం, అవసరం అటూఇటూ మారడం, ఈ రెండూ ఉన్నచోట వలయాలు లాభమని 2010లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. ఊరి మంచినీటి పైపుల్ని చివర్లు కలిపి వలయంగా వేయడం వెనకున్న కారణమూ ఇదే: ఒకచోట పగిలితే రెండో పక్క నుంచి నీళ్లొస్తాయి. నదికి అలాంటి ముందుచూపు అవసరం లేదు. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి వలయం నిలవదు, డెల్టాలో తప్ప.

నాటుకోళ్లలో ఒకటి మిగతావాటిని పొడుస్తుంది. ఆ వరుస బలాన్ని బట్టే వస్తుందా?

బలం ఒక్కటే కారణమైతే అంత చక్కటి వరుస రాదు. కోళ్ల పొడిచే వరుసను 1920ల మొదట్లో నార్వేలో షెల్డెరుప్-ఎబ్బే గమనించి రాశారు. పది కోళ్లుంటే 45 జతలు. ప్రతి జతలో గెలుపోటములు బొమ్మా బొరుసులా పడితే అన్నీ ఒకే వరుసలో కుదిరే అవకాశం దాదాపు కోటిలో ఒక్కటి. అయినా దొడ్డిలో వరుస తరచూ కనిపిస్తుంది. దీనికి పెద్ద కారణం, గెలిచిన కోడి తర్వాతి పోట్లాటకు ధైర్యంగా వెళ్తుంది, ఓడింది ముందే తప్పుకుంటుంది. చిన్న తేడాలు అలా గట్టిపడతాయి. మిగతా కోళ్లు చూసి నేర్చుకోవడం కూడా కొంత కలుస్తుంది.

పెంపకందార్లకు పనికొచ్చే మాట: వరుస కుదిరాక పోట్లాటలు తగ్గుతాయి, అందుకే కొత్త కోడిని ఒంటరిగా పగలు వదలకండి. నాలుగైదింటిని కలిపి, చీకటి పడ్డాక వదలండి. దాణా తొట్టెలు ఒకదానికొకటి కనబడనంత దూరంలో రెండు మూడు చోట్ల పెడితే అడుగున ఉన్న కోడికీ తిండి దొరుకుతుంది. తొట్టె ఒక్కటే అయితే పైనున్న కోడి దాన్ని కాపలా కాస్తుంది.

తేనెపట్టులో, కందిరీగల గూట్లో రాణి నిజంగా పాలిస్తుందా?

తేనెటీగల రాణి గుడ్లు పెడుతుంది, తను ఉన్నట్టు వాసన ద్వారా తెలియజేస్తుంది. కొత్త చోటు వెతికేది, నాట్యం చేసి చెప్పేది, మెజారిటీ కుదిరేదాకా ఆగేది కూలీ ఈగలే.

మన దక్షిణాదిలో కనిపించే రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగ మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు పనిచేశారు. దాని రాణి గూట్లో ఎవరినీ పెద్దగా అదిలించదు, చాలా సాధువు. రాణిని తీసేస్తే మాత్రం కూలీల్లో ఒకటి నిమిషాల్లోనే విపరీతంగా రెచ్చిపోతుంది, కొద్ది రోజులకు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక అదీ శాంతిస్తుంది. అంటే ఆ పోట్లాట స్థానం దక్కించుకునే దశది. స్థానాన్ని నిలబెట్టేది రసాయన సంకేతం.

వారపు సంత కొన్ని ఊళ్లలోనే ఎందుకు జరుగుతుంది?

ఉప్పూ పప్పూ ప్రతి ఊళ్లో అమ్ముడవుతాయి. ఎద్దుల జతకు, పట్టు చీరకు అంత గిరాకీ ఒక్క ఊళ్లో ఉండదు, చుట్టూ ఇరవై ఊళ్లు కలవాలి. ప్రతి సరుకుకూ కనీస గిరాకీ ఒకటి, జనం దానికోసం నడిచే గరిష్ఠ దూరం ఒకటి ఉంటాయి. ఈ రెండూ కలిసి ఊరు, సంత, పట్టణం, జిల్లా కేంద్రం అనే మెట్లను పుట్టిస్తాయని క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీని చూసి చెప్పారు. ఆదోని పత్తి మార్కెట్‌కు చుట్టూ ఎన్నో మండలాల బండ్లు రావడం వెనక ఉన్నదీ ఇదే.

అయితే కులాల హెచ్చుతగ్గులు కూడా ఇలాగే సహజంగా వచ్చినవే కదా?

ఈ మాట కోసం వంకల్నీ కోళ్లనీ సాక్ష్యానికి తేవద్దు. ఏట్లో కిందకు చేరిన నీళ్లు పై నీళ్లకన్నా గొప్పవని అర్థం కాదు, ఏ వంకకూ పుట్టుకతో శ్రేణి రాసి ఉండదు. తీగ ఖర్చు, గాడి లోతు లాంటి కారణాలు మారితే ప్రకృతిలో మెట్లు కూడా మారిపోతాయి. పుట్టుకను బట్టి స్థానం ఖాయం చేసే ఏర్పాటును మనుషులే నియమాలతో, శిక్షలతో, వివాహ కట్టుబాట్లతో, భూమి మీద పట్టుతో నిలబెట్టారు. దాన్ని తీసేయడమూ మనుషుల బాధ్యతే, రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది అందుకే.

## కట్టేటప్పుడు

నా బోరు గంటకు 6 వేల లీటర్లే ఇస్తుంది. ఎకరా టమాటాకు డ్రిప్ ఎలా విడగొట్టాలి?

ముందు ఎకరా మొత్తానికి ఎంత కావాలో చూడండి. లాటరల్ లైన్ల (సాళ్ల వెంట పరిచే సన్న పైపుల) మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు, ఒక్కో డ్రిప్పర్ గంటకు 2 లీటర్లు అనుకుందాం. ఎకరా 4,047 చదరపు మీటర్లు. లాటరల్ పైపు 3,370 మీటర్లు పడుతుంది, డ్రిప్పర్లు సుమారు 8,430. అన్నీ ఒకేసారి నడిస్తే గంటకు 16,860 లీటర్లు కావాలి. బోరు ఇచ్చేది 6,000. భాగిస్తే 2.8 వస్తుంది, కాబట్టి మూడు సెక్షన్లు, మూడు వాల్వులు. ఒక్కో సెక్షనుకు గంటకు 5,620 లీటర్లు. వాల్వు అనే మధ్య మెట్టు ఎందుకు పుట్టిందో ఈ లెక్కలోనే ఉంది: చివరనున్న అవసరం మొదటనున్న సరఫరాను మించిపోయింది.

పైపులు: మెయిన్ 63 మి.మీ., సబ్‌మెయిన్ 50 మి.మీ., లాటరల్ 16 మి.మీ. ఈ సైజుల్లో మెయిన్, సబ్‌మెయిన్‌లలో నీటి వేగం సెకనుకు 1 మీటరు లోపే ఉంటుంది, 1.5 దాటకూడదు. లాటరల్ ఒక్కోటి 60 మీటర్ల లోపు ఉంచండి. సెక్షన్లో మొదటి డ్రిప్పర్‌కూ చివరి డ్రిప్పర్‌కూ ప్రెషర్ తేడా 20 శాతం దాటకపోతే నీటి తేడా 10 శాతం లోపు ఉంటుంది. సెక్షనుకు గంటన్నర చొప్పున నాలుగున్నర గంటల్లో ఎకరాకు దాదాపు 25 వేల లీటర్లు అందుతాయి, అంటే 6 మి.మీ. వాన పడినంత.

ఎక్కువమంది చేసే తప్పు: తొందరలో రెండు వాల్వులు ఒకేసారి తిప్పడం. అప్పుడు అడిగేది 11,240, వచ్చేది 6,000. డ్రిప్పర్ల దగ్గర ప్రెషర్ మామూలు దానిలో మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది, మోటారు దగ్గరి సాళ్లు తడుస్తాయి, కొసలు ఎండుతాయి. పంట ఎగుడుదిగుడుగా ఎదిగితే తెగులేమో అనుకుని మందు కొట్టే ముందు వాల్వులు చూసుకోండి.

అన్ని పైపులూ ఒకే సైజు వేస్తే తలనొప్పి ఉండదు కదా?

అన్నీ సన్నవి వేస్తే మోటారు చాలదు. అదే నీటిని సగం వ్యాసం ఉన్న పైపులో పంపితే రాపిడి నష్టం దాదాపు 29 రెట్లవుతుంది. అన్నీ లావువి వేస్తే డబ్బు చాలదు, పైగా లాటరల్‌లో నీళ్లు మరీ నెమ్మదిగా కదిలి మడ్డి కిందికి దిగుతుంది. రక్తనాళాల్లో ఇదే బేరం ఎలా తెగుతుందో ముర్రే 1926లో లెక్కగట్టారు: తల్లి నాళం వ్యాసార్థపు ఘనం, పిల్ల నాళాల వ్యాసార్థాల ఘనాల మొత్తానికి సమానం. రెండు సమాన కొమ్మలైతే ఒక్కోటి తల్లిలో 79 శాతం. ఆ లెక్క నెమ్మదిగా సాఫీగా పారే ద్రవానికి, పొలం పైపుల్లో సుడులుంటాయి కాబట్టి కంపెనీ చార్టు చూసుకోవడమే సరి.

వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసి, చిన్నవి నాలుగు ఎందుకు పెడుతున్నారు?

ఎక్కువ వోల్టేజీ మెట్టును మోటారు దగ్గరికి తీసుకురావడానికి. అదే కరెంటు శక్తిని 433 వోల్టుల్లో కాక 11,000 వోల్టుల్లో పంపితే తీగలో ప్రవాహం 25 వంతుల్లో ఒక వంతవుతుంది, తీగ నష్టం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 645 వంతుల్లో ఒకటవుతుంది. పొడవాటి ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను చివర మోటారు మూలగడం, కాయిల్ కాలడం తగ్గుతాయి. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడుతో 5 నుంచి 6 కేవీఏ లాగుతుంది, కాబట్టి 25 కేవీఏ పెట్టెకు నాలుగు మోటార్లు. ఐదోది దొంగగా తగిలిస్తే నలుగురి పంటా ఆగుతుంది. చిన్న బృందం కాబట్టి ఎవరు తగిలించారో అందరికీ తెలుస్తుంది, ఈ ఏర్పాటులో మాకు బాగా నచ్చేది అదే.

ఎన్ని మెట్లు ఉంటే మంచిది?

ఒక్కో మెట్టు కింద పది ఉంటే, పదివేల ఇళ్లకు నాలుగు మెట్లు కావాలి. ఒక్కో మెట్టు కింద వంద పెడితే రెండే చాలు, కానీ వందను ఒక్క లస్కరో, ఒక్క వాల్వో మోయలేదు. మెట్టు పెరిగితే నష్టం గుణకారంలో పెరుగుతుంది. ప్రతి మెట్టూ 90 శాతం నీటిని కిందికి అందించినా నాలుగు మెట్ల తర్వాత మిగిలేది 66 శాతం. 80 శాతం చొప్పున అయితే 41. సమాచారానికి కూడా ఇదే గుణకారం. అందుకని మోయగలిగినంత వెడల్పు, తప్పనిసరైనన్ని మెట్లు.

మన పాత చెరువులు కట్టినవాళ్లకు ఈ లెక్కలు తెలుసా?

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చూడండి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని శాసనం చెబుతుంది. దోషాలు: కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు మధ్యలో మెరక ఉండడం, నీళ్లు కొద్దిగా ఉండి సాగునేల విస్తారంగా ఉండడం, నేల కొద్దిగా ఉండి నీళ్లు అతిగా ఉండడం.

చివరి రెండూ మెట్ల మధ్య పొంతన గురించి. పైనున్న పరివాహక ప్రాంతం, మధ్యనున్న చెరువు, కిందనున్న ఆయకట్టు ఒకదానికొకటి సరిపోవాలి. పొలిమేర దోషం అదుపు గురించి: మధ్య మెట్టుకు బాధ్యుడెవరో తేలకపోతే ఎంత గట్టి కట్టయినా పాడవుతుంది. రెండు గ్రామాల మధ్య పడి పూడికతో నిండిన చెరువులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

## నడిపేటప్పుడు

చివరి ఆయకట్టుకు నీళ్లు ఎందుకు అందవు?

మెయిన్ కాలువ, డిస్ట్రిబ్యూటరీ, మైనరు, పంట కాలువ, ఇలా నీళ్లు దిగుతాయి. ప్రతి తూము దగ్గరా పైవాడు ముందు తీసుకుంటాడు, మిగిలింది కిందివాడిది. పై నుంచి ప్రతి తూమూ తన వంతు కన్నా పదో వంతు ఎక్కువ లాగితే, వరుసలో పది తూములున్న మైనరులో కొస తూముకు వంతులో పదో వంతు మాత్రమే మిగులుతుంది. కోసుకుపోయిన గట్లు, తుంగ, ఇంకుడు నష్టాలు దీనికి అదనం.

పనిచేసే మందు రెండు. ఒకటి, వంతుల వారీగా కొస నుంచి మొదలుపెట్టి పైకి తడుపుకుంటూ రావడం. రెండు, మైనరు అన్నిటికీ సగంసగం నీళ్లు వదలడం మాని, సగం మైనర్లకు నిండుగా వారం, మిగతా సగానికి తర్వాతి వారం ఇవ్వడం. కాలువ నిండుగా పారితేనే తూముల దగ్గర మట్టం అందుతుంది.

పై చెరువు తెగితే కింది చెరువు కూడా ఎందుకు తెగుతుంది?

కింది చెరువు మరువను (చెరువు నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు) పై చెరువు మరువ మీదుగా నెమ్మదిగా వచ్చే నీటికి సరిపడా కడతారు. కట్ట తెగితే రోజుల్లో రావలసిన నీళ్లు గంటల్లో వస్తాయి. మరువ చాలదు, నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లుతాయి, అంతే. 2021 నవంబరు 19న రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఎగువన పింఛా కట్ట కూడా ఆ వరదలోనే దెబ్బతింది.

తనిఖీ ఎప్పుడూ గొలుసులో అన్నిటికన్నా పై చెరువు నుంచి, వానలకు ముందే. మరువ ముందు కంప చెట్లు కొట్టేయాలి. తూము తలుపు ఒకసారి పూర్తిగా ఎత్తి దించాలి. కట్టలో ఎలుక, ఎండ్రకాయ బొరియలు పూడ్చాలి. నాలుగు రోజులు ఎక్కువ నీళ్లు నిలుస్తాయని మరువ మీద ఇసుక మూటలు పేర్చడం చాలాచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. మీరు పెంచిన ప్రతి అడుగూ కట్టకు ఉన్న ఆఖరి రక్షణ నుంచి తీసుకున్నదే, దాని ఫలితం కింది ఊరు అనుభవిస్తుంది.

హంద్రీ-నీవా లాంటి ఎత్తిపోతల్లో ఒక పంపుహౌసు ఆగితే మొత్తం ఆగుతుందా?

శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిన నీరు మెట్టుమెట్టుగా జీడిపల్లి వైపు వస్తుంది. మెట్లు ఎనిమిది, ఒక్కోటి నూటికి 98 గంటలు నడుస్తుంది అనుకుంటే, అన్నీ ఒకేసారి నడిచే సమయం 85 శాతమే. మధ్యలో జలాశయం ఉంటే ఈ లెక్క మారుతుంది. వెనక మెట్టు పంపు రెండు రోజులు ఆగినా జలాశయంలో నిలవ ఉన్న నీళ్లు ముందుకు కదులుతూనే ఉంటాయి. మెట్ల మధ్య నిలవ పెట్టుకోవడం అంటే ఒక మెట్టు జబ్బు ఇంకో మెట్టుకు వెంటనే అంటకుండా చేయడం.

2012లో ఉత్తరాదిన కరెంటు మొత్తం పోయినప్పుడు మనకెందుకు పోలేదు?

ఆ ఏడాది జూలై 30, 31 తేదీల్లో గ్రిడ్ కూలింది. 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పోయి సుమారు 62 కోట్లమంది ఉన్న ప్రాంతం చీకట్లో పడింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే కలిసి ఉండేది, కాబట్టి అక్కడి ఫ్రీక్వెన్సీ ఒడిదుడుకులు ఇటు రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా ఒకే గ్రిడ్‌లో చేరింది. పంచుకునే లాభం వచ్చింది, అంటుకునే ప్రమాదమూ వచ్చింది. అందుకే ఫ్రీక్వెన్సీ పడితే కొన్ని ఫీడర్లను వాటంతటవే కోసేసే రిలేలు తప్పనిసరి.

డ్రిప్ మూసుకుపోతే ఏ మెట్టు నుంచి శుభ్రం చేయాలి?

పై నుంచి కిందికి. ముందు ఫిల్టరు: రెండు పక్కల గేజీల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కేజీ దాటితే కడగాలి. తర్వాత మెయిన్ ఫ్లష్ వాల్వు, ఆ తర్వాత సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వు, చివర లాటరల్ కొసలు నాలుగైదు చొప్పున విప్పి తెల్లటి నీళ్లు వచ్చేదాకా వదలాలి. లాటరల్స్ ముందు కడిగితే సబ్‌మెయిన్‌లో మడ్డి మళ్లీ వాటిలోకే చేరుతుంది. డ్రిప్పర్ మూతి దగ్గర సున్నంలా తెల్లటి పొర కనిపిస్తే అది నీటిలోని కార్బొనేటు. ఫ్లషింగ్‌తో పోదు, యాసిడ్ శుద్ధి కావాలి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు.

## ప్రాజెక్టు చేసే పిల్లలకు

ట్రేలో నది కొమ్మలు రప్పించాలంటే ఏం కావాలి?

సుమారు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు రేకు ట్రే, కింది అంచులో నీళ్లు పోయే కంత. సన్న ఇసుకలో పదో వంతు మెత్తటి మన్ను కలిపి తడిపి 5 సెంటీమీటర్ల మందాన చదును చేయండి. ఒక పక్క 6, 7 సెంటీమీటర్లు ఎత్తండి. మొక్కలకు కొట్టే స్ప్రేయర్‌తో సన్నటి తుంపర అన్ని చోట్లా సమానంగా పడనివ్వండి. ఐదేసి నిమిషాలకు పైనుంచి ఫోటో తీయండి.

గాళ్లు రాకపోతే కారణం ఈ మూడిట్లో ఒకటి. ఇసుక ముతకైతే నీళ్లు పైన పారకుండా ఇంకిపోతాయి, మన్ను కలపండి. తుంపర జోరైతే చినుకు దెబ్బకు గాళ్లు పూడిపోతాయి, నాజిల్ మార్చండి. మన్ను ఎక్కువైతే నేల కోసుకోదు, ఇసుక పెంచండి.

లెక్కకు ఏ మ్యాపు తీసుకోవాలి, ఫలితం ఎలా రాయాలి?

1:50,000 టోపోషీటులో మీ ఊరి చుట్టూ ఒక్క పరివాహక ప్రాంతం ఎంచుకోండి, నాలుగో శ్రేణి దాకా ఉంటే చాలు. ట్రేసింగ్ కాగితం మీద ఒక్కో శ్రేణికి ఒక్కో రంగు. 64, 16, 4, 1 అని వస్తే శాఖా నిష్పత్తి అన్నిచోట్లా 4, నిజమైన వంకలు ఇంత చక్కగా రావు. నిష్పత్తి ఒకచోట 5 దాటి బాగా పైకి పోతే అక్కడ పొడవాటి గుట్ట వరుసో, రాతి పగులో ఉందేమో మ్యాపులో చూడండి. చెరువు కట్ట వంకను కోసినచోట గుర్తు పెట్టండి. మన జిల్లాల్లో మొదటి, రెండో శ్రేణి వంకల మీద పాత చెరువులు చాలా ఉన్నాయి, వాటి మరువ నీళ్లు ఏ వంకలోకి పోతున్నాయో నేల మీదికి వెళ్లి చూసి, మ్యాపులో బాణం గుర్తుతో వేయండి.